కాట్స్‌వోల్డ్స్ ఒక్కరోజు ట్రిప్: కారులో ఐదు ఊళ్లా, నడిచి మూడు ఊళ్లా?

గోదారిగట్టు:
పోయిన జూన్‌లో కాట్స్‌వోల్డ్స్‌కి, అదే ఇంగ్లండ్‌లో పాత రాతి ఇళ్ల పల్లెలుండే కొండ ప్రాంతానికి, రెండుసార్లు వెళ్లాం, రెండుసార్లూ అదే ఐదుగురం. మొదటిసారి అద్దె కారు, రెండోసారి రైలు. ఈ శనివారం మళ్లీ అనుకుంటుంటే ఇద్దరు కారే కావాలని పట్టుబట్టారు, నేను వద్దంటున్నాను. మీరేమంటారు?

కారు రోజు ఎలా గడిచిందో చెప్తా. లండన్‌లో పొద్దున ఏడింటికి బయల్దేరాం, లిస్టులో బైబరీ, బర్ఫర్డ్, బోర్టన్, స్టో, చివర్లో ఎక్కడో దక్షిణాన ఉన్న కాసిల్ కూమ్. బైబరీలో పార్కింగ్ కోసమే నలభై నిమిషాలు తిరిగాం. అక్కడ ఆర్లింగ్టన్ రో అని, 14వ శతాబ్దంలో ఉన్ని నిల్వ చేసుకోవడానికి కట్టి తర్వాత నేతగాళ్ల ఇళ్లుగా మార్చిన రాతి ఇళ్ల వరస ఉంది కదా, దాని ముందు జనం కిక్కిరిసిపోయి ఉన్నారు, పది నిమిషాల్లో ఫొటోలు కానిచ్చి కారెక్కేశాం. ఆ తర్వాత సందు రోడ్లు. రెండు పక్కలా నిలువెత్తు పొదలు, ఎదురుగా ట్రాక్టరు వస్తే కాస్త వెడల్పు ఉన్నచోటు దొరికేదాకా రివర్సే. నడిపిన ఫ్రెండ్ రోజంతా టెన్షన్‌తోనే ఉన్నాడు, సాయంత్రం ఏ ఊళ్లో ఏం చూశావంటే చెప్పలేకపోయాడు.

ఇంగ్లండ్ పల్లె చూడాలంటే పొలాల్లో పడి నడవాలి. నా మాట అదే.

లెస్టర్‌వాసి:
అన్నా, లండన్‌లో ఉండి ఎన్నైనా చెప్పొచ్చు. పాడింగ్టన్‌లో ఎక్కితే మోర్టన్‌ఇన్‌మార్ష్‌లో నేరుగా దిగుతారు మీరు. మాకు లెస్టర్ నుంచి నేరుగా రైలే లేదు, మారుకుంటూ చేరేసరికి సగం రోజు పోతుంది. ఐదు టికెట్ల డబ్బుతో అద్దె కారూ పెట్రోలూ వచ్చేస్తాయి. పైగా మాలో ఒకడికి మోకాలు ఆపరేషన్ అయింది, వాణ్ణి ఇంట్లో వదిలేసి వెళ్లాలా? వారం అంతా వేర్‌హౌస్‌లో నిలబడి పనిచేసేవాడికి ఆదివారం కూడా నడవమంటే ఎలా? నాలుగు ఊళ్లు చూశాం, ఫొటోలు ఇంటికి పంపాం, అమ్మ సంతోషించింది. అది తక్కువేం కాదు.

ఆక్స్‌ఫర్డ్‌పిల్ల:
ఆ ఊళ్లలో ఉండేవాళ్ల సంగతి కూడా చూడండి. నేను పనిచేసేచోట ఒకామె ఊరు బోర్టన్ పక్కనే. వేసవి శనివారాల్లో ఆమె సొంత వీధిలో కారు బయటికి తీయలేదు. బైబరీలో అయితే 2025లో కోచ్ బస్సులు ఊళ్లో ఆగే చోట్లే తీసేశారు, అంతవరకూ వచ్చింది. అందుకే నా ఓటు రైలుకి. కానీ లెస్టర్‌వాసి గారి ఫ్రెండ్ మోకాలు మాట నిజం, దానికి నా దగ్గర జవాబు లేదు.

గోదారిగట్టు:
లెస్టర్‌వాసీ, డబ్బు లెక్క మళ్లీ ఒకసారి వేసుకో. ముగ్గురి నుంచి తొమ్మిది మంది దాకా కలిసి వెళ్తే గ్రూప్‌సేవ్ అనే రైలు రాయితీ కింద రద్దీ లేని వేళల్లో టికెట్ మీద మూడో వంతు తగ్గుతుంది. మారే రైళ్ల బాధ మాత్రం ఒప్పుకుంటా. మీరు కారులోనే వెళ్లండి, కాకపోతే ఒక్కచోట పెట్టేసి దిగండి.

రెండోసారి మేం చేసిందీ దాదాపు అంతే. మోర్టన్‌లో దిగి 801 బస్సులో బోర్టన్. అక్కణ్ణుంచి పొలాల్లో ఒక మైలు నడిస్తే లోయర్ స్లాటర్, ఇంకో మైలుకి అప్పర్ స్లాటర్. (పేరు చూసి వధ అనుకోకండి, పాత ఇంగ్లిష్‌లో బురదనేల అని అర్థమట.) దారి ఎవరిదో పొలం మధ్యలోంచే పోతుంది, గుంజకి చిన్న పసుపు బాణం గుర్తు ఉంటుంది, అది పబ్లిక్ కాలిబాట, రైతు కూడా మూసేయడానికి లేదు. ఒకసారికి ఒక్క మనిషే పట్టే చెక్క గేటు, దాటగానే అవతల గొర్రెలు. మాలో ఒకమ్మాయి పిక్కకి నెటిల్ ఆకు తగిలి దద్దుర్లు లేచాయి, కుక్కతో వస్తున్న పెద్దావిడ వంగి, పక్కనే ఉన్న వెడల్పాటి డాక్ ఆకు తెంపి, నలిపి, తనే రుద్దింది. అప్పర్ స్లాటర్ నుంచి రెండు ప్రపంచయుద్ధాలకూ వెళ్లినవాళ్లు అందరూ ప్రాణాలతో తిరిగొచ్చారని ఆవిడే చెప్పింది. అలాంటి ఊళ్లు ఇంగ్లండ్‌లో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఐ అనే చిన్న ఏరు ఒడ్డున పులిహోర డబ్బా తెరిచాం. కారు రోజున ఆ ఏరు పక్కనుంచే వెళ్లి ఉంటాం, ఒక్కరికీ గుర్తు లేదు.

లెస్టర్‌వాసి:
ఒక్కచోట పెట్టి దిగడం బాగానే ఉంది, అది చేస్తాం. మోకాలు బాగాలేనివాడు బోర్టన్‌లో ఏటి గట్టున కూర్చుంటాడు, మేం స్లాటర్ దాకా వెళ్లొస్తాం. కానీ ఐదు ఊళ్లు తిరిగినవాళ్లు ఏమీ చూడలేదంటే మాత్రం ఒప్పుకోను.

ఆక్స్‌ఫర్డ్‌పిల్ల:
రెండు మాటలు. పొలంలో దూడలతో ఆవులుంటే మధ్యలోంచి వెళ్లకండి, చుట్టు తిరిగి వెళ్లండి, కుక్కతో ఉన్నప్పుడైతే మరీ ప్రమాదం. గేటు ఎలా ఉంటే అలాగే వదలండి, మూసి ఉంటే మళ్లీ మూయండి. తిండి వెంట తెచ్చుకోండి, చాలా పబ్బుల్లో మధ్యాహ్నం దాటితే వంటగది మూసేస్తారు. జూన్‌లో తొమ్మిదిన్నర దాకా వెలుతురు ఉంటుంది కదా అని ఏమారకండి, బస్సు అంతసేపు ఉండదు.

గోదారిగట్టు:
ఆ బస్సు భయం నాకూ ఉంది, మా వాళ్లిద్దరూ కారు అడిగేది కూడా దానికే. తప్పిపోతే బోర్టన్ నుంచి మోర్టన్ స్టేషన్‌కి ఎనిమిది మైళ్లు. ఈ రాత్రికి చివరి బస్సు టైము చూసి వాళ్లకి పంపుతా, ఒప్పుకుంటే శనివారం రైలే.