‘వెళ్ళేవాళ్ళం’ ఇంగ్లిష్‌లో ఎలా చెప్పాలి: ‘యూస్డ్ టు’ ఒక్కటే సరిపోతుందా?

నిన్న గ్రూపులో ఒకరు అడిగారు. తోబుట్టువులంతా కలిస్తే చిన్నప్పటి ముచ్చట్లు తెలుగులోనే సాగుతాయి. పక్కన తెలుగు రాని అల్లుడో, అమెరికాలో పుట్టి పెరిగిన పిల్లలో ఉంటే మాత్రం ఇంగ్లిష్‌లోకి మారాల్సి వస్తోంది. అప్పుడు ‘రోజూ చెరువుకి వెళ్ళేవాళ్ళం’ అనబోతే నోటికి ‘డైలీ వుయ్ వర్ గోయింగ్ టు ద పాండ్’ అని వస్తోందట. ‘యూస్డ్ టు వాడండి’ అని చాలామంది ఒక్క ముక్కలో తేల్చేశారు. మాట సరైనదే. కానీ పది వాక్యాల కథలో పదిసార్లూ ‘యూస్డ్ టు’ అంటే వినేవాళ్ళకి విసుగు పుడుతుంది.

అసలు ‘వర్ గోయింగ్’ ఎక్కడి నుంచి వస్తోంది? మనం ‘వెళ్తూ ఉండేవాళ్ళం’ అని కూడా అంటాం కదా, ఆ ‘తూ’కి బదులుగా ‘ఇంగ్’ తగిలిస్తున్నామని నా అనుమానం. ఇంగ్లిష్‌లో ఆ రూపం మామూలుగా ఏదో ఒక సమయంలో జరుగుతూ ఉన్న పనిని చెబుతుంది. ‘వుయ్ వర్ గోయింగ్ టు ద పాండ్’ అనగానే అల్లుడుగారు ‘అయితే దారిలో ఏమైంది?’ అని చూస్తాడు. పాము కనబడిందనో, సైకిలు పంక్చరయిందనో చెప్పాలి మరి.

ఇక ‘యూస్డ్ టు’. ఇది మన ‘ఏవాళ్ళం, ఏవాడు, ఏది’ రూపాలకి దాదాపు అచ్చంగా సరిపోతుంది. ఎక్కడ వాడకూడదో కూడా మన తెలుగు చెవే చెబుతుంది. ‘కాకినాడలో పదేళ్ళు ఉన్నాం’ అంటాం, ‘పదేళ్ళు ఉండేవాళ్ళం’ అనం. ఇంగ్లిష్‌లోనూ అంతే, ‘వుయ్ లివ్డ్ ఇన్ కాకినాడ ఫర్ టెన్ ఇయర్స్’. అక్కడ ‘యూస్డ్ టు లివ్’ కుదరదు. ‘మొత్తం మూడుసార్లు సర్కస్‌కి వెళ్ళాం’ కూడా అలాంటిదే. లెక్క కట్టి చెప్పినా, ఇన్నేళ్ళని చెప్పినా రెండు భాషల్లోనూ ఉత్త భూతకాలమే. పలికేటప్పుడు మాత్రం ‘యూజ్డ్’ అనకండి, ‘యూస్టు’ అని కలిపేయండి.

చిక్కంతా ‘వుడ్’తోనే. బడిలో దీన్ని ‘విల్’కి భూతకాలమని చెప్పి వదిలేశారు. ఇళ్ళల్లో జ్ఞాపకాలు చెప్పుకునే ఇంగ్లిష్‌లో దీని వాడకం చాలా ఎక్కువ. కథ ఇలా నడుస్తుంది చూడండి:

‘వుయ్ యూస్డ్ టు స్పెండ్ ద సమర్ ఎట్ అవర్ గ్రాండ్‌మదర్స్. వుయ్‌డ్ స్లీప్ ఆన్ ద టెర్రస్, అండ్ మై బ్రదర్ వుడ్ టెల్ గోస్ట్ స్టోరీస్. వన్ నైట్ హి స్కేర్డ్ హిమ్‌సెల్ఫ్ అండ్ రాన్ డౌన్‌స్టెయిర్స్.’

‘యూస్డ్ టు’ ఒక్కసారి వచ్చి ఇవి పాత రోజులని చెప్పేసింది. ఆ తర్వాత రోజూ జరిగే పనులన్నీ ‘వుడ్’తో, అదీ ‘వుయ్‌డ్’ అని కుదించుకుని వచ్చాయి. అసలు సంఘటన దగ్గరికి వచ్చేసరికి రెండూ పోయి ‘రాన్’ మిగిలింది. తెలుగులోనూ అన్నయ్య రోజూ కథలు ‘చెప్పేవాడు’, ఆ ఒక్క రాత్రి మాత్రం భయపడి కిందికి ‘పరిగెత్తాడు’.

మన తెలుగు సాయం చేయని చోటు ఒకటుంది. ‘మాకో కుక్క ఉండేది’, ‘కుక్క గుమ్మంలో పడుకునేది’, ఈ రెండూ మనకి ఒకే రూపం. ఇంగ్లిష్‌లో పడుకోవడం పని కాబట్టి ‘వుడ్ స్లీప్’ అనొచ్చు. ఉండటం పని కాదు, స్థితి. ‘వుయ్ వుడ్ హావ్ ఎ డాగ్’ అంటే ‘ఏమిటీ, వీలుంటే కుక్కని పెంచుకుంటారా?’ అన్నట్టు వినబడుతుంది. అక్కడ ‘యూస్డ్ టు హావ్’ లేదా ఉత్త ‘హాడ్’. ఇష్టాలూ అంతే, ‘తమ్ముడికి కాకరకాయంటే పడేది కాదు’ అనడానికి ‘హి యూస్డ్ టు హేట్ ఇట్’.

ఇంకో మాట. ‘ఇన్ మై చైల్డ్‌హుడ్ డేస్’ అని మొదలుపెడితే తప్పేం లేదుగానీ వ్యాసం చదువుతున్నట్టుంటుంది. ‘గ్రోయింగ్ అప్’ అనో, ‘వెన్ వుయ్ వర్ కిడ్స్’ అనో అంటే చాలు. తోబుట్టువులు ఒకరినొకరు అడిగేటప్పుడు ‘డు యు’ కూడా ఎగిరిపోయి, ‘రిమెంబర్ వెన్ యు ఫెల్ ఇన్ ద వెల్?’ అంటారు. మన ‘గుర్తుందా?’ అంత పొట్టిగా.

వ్యాఖ్య: ‘వర్ గోయింగ్’ పూర్తిగా తప్పంటే ఒప్పుకోను. మా ఆఫీసులో ఒక ఇంగ్లండ్ ఆవిడ వాళ్ళ తమ్ముడి గురించి ‘హి వాజ్ ఆల్వేజ్ టెల్లింగ్ ఆన్ మి’ అంది.

జవాబు: మంచి ఉదాహరణ. ‘ఆల్వేజ్’ చేరితే ఆ రూపం అలవాటుకీ పనికొస్తుంది, చాలాసార్లు కాస్త ఫిర్యాదు కూడా కలుస్తుంది. ‘ఎప్పుడు చూడు నా మీద చాడీలు చెప్తూనే ఉండేవాడు’ అన్న విసురు. తోబుట్టువుల కబుర్లలో సగం ఇవేగా! ‘టెల్ ఆన్’ అంటే పెద్దవాళ్ళకి మోసెయ్యడం. అమెరికా పిల్లలు ‘టాటిల్’ అని కూడా అంటారు.

వ్యాఖ్య: మా పెదనాన్న కొడుకుని ‘కజిన్ బ్రదర్’ అంటే మా కోడలు నవ్వుతోందండీ.

జవాబు: మన దేశంలో అందరూ అనేదే, సిగ్గుపడాల్సిన పని లేదు. బయటివాళ్ళకి ‘కజిన్’ చాలు. అన్న, తమ్ముడు, బావ, మరదలు అందరూ అందులోనే ఇరుక్కుపోతారు, ఏం చేస్తాం. వయసు చెప్పాల్సి వస్తే ‘ఓల్డర్’, ‘యంగర్’ అనండి, కథకి అవసరం లేకపోతే అదీ వద్దు.

వ్యాఖ్య: దాగుడుమూతల్లో ‘నువ్వు దొంగ’ని ఏమంటారు? ‘యు ఆర్ ద థీఫ్’ అంటే మనవరాలు బిక్కమొహం వేసింది.

జవాబు: ‘యు ఆర్ ఇట్’. మన దొంగ అందరినీ వెతికి పట్టుకుంటాడు కాబట్టి పాప అయోమయపడటం న్యాయమే. ‘తొండి చేశావు’కి ‘యు చీటెడ్’ అనండి. పంటలు వేసుకోవడం మాత్రం నోటితో చెప్పి లాభం లేదు, అరచేతులు తిప్పి చూపించండి.