కావలిలో ఇల్లు, పొలం అమ్మి మెల్‌బోర్న్ వెళ్తున్నాం: ముందు ఏది తెమల్చాలి?

ప్రశ్న:
ఆస్ట్రేలియా పీఆర్ (శాశ్వత నివాస అనుమతి) వచ్చింది, జూన్‌లో ఉద్యోగానికి బయలుదేరుతున్నాం. కావలిలో 2006లో 12 లక్షలకు కొన్న ఇల్లు 60 లక్షలకు బేరం కుదిరేట్టుంది. జలదంకి వైపు రెండెకరాలు, ఒక కారు, ఇంటినిండా సామాను ఉన్నాయి. కొనేవాళ్లు మేలో రిజిస్ట్రేషన్ అంటున్నారు, సగం క్యాష్ ఇస్తారట. ఏ వరసలో చేసుకోవాలి?

జవాబు 1:
మే వద్దు, మార్చి 31 లోపే రిజిస్ట్రేషన్ పెట్టించండి. ఉద్యోగానికి జూన్‌లో దేశం దాటితే, ఏప్రిల్‌లో మొదలయ్యే ఆ ఆర్థిక సంవత్సరంలో ఇక్కడ 182 రోజులు ఉండరు కదా. అంటే మేలో కావలిలోనే కూర్చుని సంతకం పెట్టినా పన్ను లెక్కలో మీరు ఎన్నారైనే. అప్పుడు కొనేవాళ్లు మొత్తం ధర మీద 13 నుంచి 15 శాతం దాకా టీడీఎస్ (మీకిచ్చే డబ్బులోంచి ముందే మినహాయించే పన్ను) పట్టాలి. తక్కువ పట్టాలంటే ముందే ఇన్‌కం ట్యాక్స్ వాళ్ల దగ్గర సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. రెసిడెంట్‌గా అమ్మితే 1 శాతమే, 60 వేలు.

పన్నులోనూ తేడా ఉంది. 2024 జూలై 23కి ముందు కొన్న ఇంటికి, రెసిడెంట్ అయితే ఇండెక్సేషన్ వేసి (కొన్న ధరను ధరల పెరుగుదలకు తగ్గట్టు పెంచి లెక్కగట్టి) లాభం మీద 20 శాతం కట్టే వీలుంది. 2025–26 ఇండెక్స్ లెక్కన 12 లక్షలు సుమారు 37 లక్షలవుతాయి. లాభం 23 లక్షలు, పన్ను 4.6 లక్షలు. ఎన్నారైకి ఈ వీలు లేదు. 48 లక్షల మీద 12.5 శాతం, అంటే 6 లక్షలు. సెస్సు రెండింటికీ అదనం.

క్యాష్ మాటెత్తితే బేరమే వదిలేయండి. బయానాగానైనా సరే 20 వేలు, ఆపైన నగదు తీసుకుంటే తీసుకున్నంతా పెనాల్టీ పడుతుంది. పైగా ఆ డబ్బు ఆస్ట్రేలియాకు పంపే దారే ఉండదు. మీరు వెళ్లాక సేవింగ్స్ ఖాతాను ఎన్నార్వోగా (ఇక్కడి రాబడి కోసం ఎన్నారైలు ఉంచుకునే రూపాయి ఖాతాగా) మార్చుకోవాలి. దాంట్లోంచి ఏడాదికి 10 లక్షల డాలర్ల దాకా పంపొచ్చు, కానీ డబ్బు ఎక్కడిదో కాగితంతో చూపించాలి.

జవాబు 2:
పొలం సంగతి. ముందు సర్వే నంబరు 22ఏ నిషేధిత జాబితాలో ఉందేమో చూడండి. మన జిల్లాలో చుక్కల భూములు ఎక్కువ. పాత సెటిల్‌మెంట్ రిజిస్టర్‌లో పట్టాదారు పేరుండాల్సిన చోట చుక్కలు పెట్టి వదిలేసిన భూములవి. జాబితాలో ఉంటే సబ్ రిజిస్ట్రార్ దస్తావేజు ముట్టుకోరు. రీసర్వే అయిన ఊరైతే పాత సర్వే నంబరు పోయి ఎల్‌పీఎం (ల్యాండ్ పార్సెల్ మ్యాప్) నంబరు వచ్చుంటుంది. 1బీలో (రెవెన్యూ వాళ్ల భూమి హక్కుల రికార్డులో) విస్తీర్ణం మీ దస్తావేజుతో సెంటు తేడా లేకుండా సరిపోయిందో లేదో చూసుకోండి. తేడా ఉంటే అడ్వాన్సు తీసుకోకముందే సరిచేయించాలి, బేరం ఆగిపోయేది ఎక్కువగా అక్కడే.

ప్రశ్న అడిగినవారు:
పొలం ఇప్పుడే అమ్మకుండా ఉంచుకోవచ్చా?

జవాబు 2:
నిక్షేపంగా. ఎన్నారై కొత్తగా సాగుభూమి కొనకూడదు గానీ ఉన్నది ఉంచుకోవచ్చు. తర్వాత అమ్మితే ఇక్కడ నివసించేవాళ్లకే అమ్మాలి. కావలి మున్సిపాలిటీ హద్దుకు 2 కిలోమీటర్ల అవతల సాగులో ఉన్న పొలమైతే లాభం మీద పన్నే లేదు, కాబట్టి తొందర పడొద్దు. పవర్ ఆఫ్ అటార్నీ మాత్రం వెళ్లేముందే, ఆ ఒక్క పొలానికే రాయించి రిజిస్టర్ చేయించండి. అక్కడ కాన్సులేట్‌లో చేయిస్తే ఇక్కడికి చేరిన మూడు నెలల్లోపు స్టాంపు వేయించాలి.

జవాబు 3:
కారుకు ఫారం 29, 30 మీద సంతకాలు పెట్టి తాళాలు ఇచ్చేస్తే సరిపోదు. ఆర్‌సీలో పేరు మారేదాకా ప్రమాదం జరిగితే పరిహారం మీ మీదికే వస్తుంది. గ్యాస్ సిలిండరు, రెగ్యులేటరు, డిపాజిట్ రసీదు ఇచ్చేస్తే డిపాజిట్ వాపసు.

ఆధార్‌కు, బ్యాంకుకు ఇచ్చిన సిమ్‌లో అంతర్జాతీయ రోమింగ్ ఇక్కడుండగానే ఆన్ చేయించండి, రీఛార్జ్ ఆపొద్దు. ఓటీపీ రాకపోతే అక్కణ్ణుంచి ఏ పనీ కదలదు.

సామానులో ఇత్తడి బిందెలు, గంగాళాలు తూకానికి అమ్మేయండి. ఉదయగిరి చెక్క గరిటెలు తీసుకెళ్తే ఆస్ట్రేలియాలో దిగేటప్పుడు ప్రయాణికులు నింపే కార్డులో తప్పకుండా రాయండి, రాయకపోతే జరిమానా. బెరడు అంటుకుని ఉన్నా, పురుగు తొలిచిన సన్న బెజ్జం కనిపించినా ఆపేస్తారు. ఒక్కో గరిటె ఎండలో పట్టుకుని పిడి చివర, గుంట వెనక చూసి పెట్టెలో పెట్టండి. చెప్పుల అడుగున మట్టి కూడా కడిగేయండి.