గల్ఫ్‌లో పని ప్రమాదాలు: అక్కడ పుట్టినవారికంటే మనవాళ్లకే ఎక్కువా?

జగిత్యాల బిడ్డ
దోహాలో షట్టరింగ్ కార్పెంటర్‌గా పనిచేస్తున్న మా తమ్ముడు గత నెలలో పరంజా మీద నుంచి పడి నడుము విరగ్గొట్టుకున్నాడు. ఆ సైటులో ఖతర్ దేశస్థుడు దెబ్బ తినడం తానెన్నడూ చూడలేదని అంటున్నాడు. వలస కార్మికులకు, స్థానికులకు మధ్య ప్రమాదాల్లో నిజంగా ఎంత తేడా ఉందో, పరిహారం ఎలా వస్తుందో తెలిసినవారు చెప్పగలరు.

దమ్మాం పాతకాపు
ఖతర్‌వాడు పరంజా ఎక్కితే కదా పడేది! గల్ఫ్‌లో కట్టడం పనంతా వలసవాళ్లదే కాబట్టి స్థానికులతో పోలికకే తావులేదు. పోల్చవలసింది కంపెనీ వీసావాణ్ణి, ఆజాద్ (ఫ్రీ) వీసావాణ్ణి. సౌదీలో ప్రవాసి కార్మికుడి పని ప్రమాదాల బీమా కోసం యజమాని ఆ కార్మికుడి జీతంలో 2 శాతం లెక్కన సొంతంగా గోసీకి (సౌదీ ప్రభుత్వ సామాజిక బీమా సంస్థకు) కట్టాలి. ఆజాద్ వీసావాడికి కఫీల్, అంటే వీసా ఇచ్చినవాడు ఒకడు, పని చేయించుకునేవాడు మరొకడు; కాలు విరిగిన రోజున వీడు నా మనిషి కాదని ఒకడు, నేను పంపలేదని మరొకడు తప్పుకుంటారు.

హ్యూస్టన్ తెలుగువాడు
పోలిక కావాలంటే అమెరికా లెక్కలు చూడాలి. 2022లో ఇక్కడ పనిలో గాయపడి మరణించినవారు 5,486 మంది. వారిలో లాటినో (లాటిన్ అమెరికా మూలాలున్న) కార్మికులు 1,248 మంది కాగా, అందులో 792 మంది విదేశాల్లో పుట్టినవారే. లక్ష మంది పూర్తికాలపు కార్మికులకు మొత్తం మరణాల రేటు 3.7 అయితే, లాటినోలలో అది 4.6. అయితే చిన్న గాయాల లెక్కలను నమ్మి తేడా తేల్చవద్దు. శవాన్ని దాచడం కష్టం. ఉద్యోగం పోతుందన్న భయం ఉన్నవాడు తెగిన వేలిని మాత్రం గుడ్డలో చుట్టుకుని ఊరుకుంటాడు.

సేఫ్టీ గురు
నెబోష్ (పని భద్రత పరీక్షల) సర్టిఫికెట్ ఉండి, మూడు గల్ఫ్ దేశాల్లో సేఫ్టీ ఆఫీసర్‌గా చేసినవాడిగా చెబుతున్నాను. లెక్కలు పక్కన పెట్టండి. మనవాళ్లు ఎత్తు మీద నుంచి పడకుండా ఇచ్చే సేఫ్టీ బెల్టు పెట్టుకోరు, పెట్టుకున్నా దాని తాడు హుక్కు తగిలించరు. హిందీలో, ఇంగ్లీషులో ఇచ్చే శిక్షణకు తల ఊపి సంతకం పెడతారు. ఆ తరువాత కంపెనీని తిడతారు.

షార్జా మేస్త్రీ
గురువుగారూ, హుక్కు దేనికి తగిలించాలో మీరు ఎప్పుడైనా పైకెక్కి చూశారా? ఒకే తాడున్న బెల్టు ఇస్తే, పక్క పైపుకు జరిగేటప్పుడు దాన్ని విప్పక తప్పదు. మనిషి పడేది ఆ క్షణంలోనే. రెండు తాళ్ల బెల్టయితే ఒకటి తగిలి ఉండగానే రెండోది మార్చుకోవచ్చు. అర్థం కాని భాషలో శిక్షణ ఇచ్చి సంతకం తీసుకోవడం ఎవరి తప్పో మీరే చెప్పారు.

సేఫ్టీ గురు
నా సైటులో అందరికీ రెండు తాళ్ల బెల్టులే ఇచ్చాము. అయినా రెండూ మెడలో వేసుకుని తిరిగారు. నాకు పాఠాలు చెప్పవద్దు.

షార్జా మేస్త్రీ
మీ సైటు ఒక్కటే గల్ఫ్ కాదు. తాడు గురించి మాట్లాడితే సర్టిఫికెట్ చూపించడం ఏ పద్ధతి?

కువైట్ రాయచోటి
మీరంతా బెల్టుల గురించి కొట్టుకుంటున్నారు. ఇళ్లలో పనిచేసే మాకు బెల్టూ లేదు, సేఫ్టీ ఆఫీసరూ లేడు. నూనె పడి చేతులు కాలినా, పై అంతస్తు అద్దాలు తుడుస్తూ జారిపడినా అది పని ప్రమాదంగా ఏ పుస్తకంలోకి ఎక్కుతుందో ఎవరైనా చెప్పండి.

ఎండపల్లి నుంచి
ఎండ మాటే ఎవరూ ఎత్తలేదు. ఖతర్‌లో 2021 నుంచి జూన్ 1 మొదలు సెప్టెంబర్ 15 వరకు ఉదయం 10 నుంచి మధ్యాహ్నం 3:30 దాకా ఆరుబయట పని నిషేధం. అంతకు ముందు అక్కడ 2009–2017 మధ్య గుండె జబ్బులతో చనిపోయిన 571 మంది నేపాలీ కార్మికులలో, ఎండ నుంచి కాపాడి ఉంటే 200 మంది దాకా బతికేవారని 2019లో ఒక అధ్యయనం అంచనా వేసింది. ఇలాంటి చావులను కాగితాల మీద సహజ మరణం అని రాసేస్తారు. మన ప్రవాసీ భారతీయ బీమా ఇచ్చే 10 లక్షలు ప్రమాద మరణానికీ శాశ్వత వైకల్యానికే గనుక, ఆ కుటుంబాలకు అందులో దక్కేది సున్నా.

సేఫ్టీ గురు
ప్రతి గుండెపోటునూ ఎండ ఖాతాలో వేస్తే ఎలా? రాత్రి నిద్ర మాని ఫోన్లు చూసేవారిని నేను ఎందరినో చూశాను.

ఎండపల్లి నుంచి
నేను ప్రతి గుండెపోటూ అనలేదు. చదివి మాట్లాడండి.

జగిత్యాల బిడ్డ
అన్నలారా, మా తమ్ముడి పరిహారం సంగతి ఎవరూ చెప్పలేదు.

దమ్మాం పాతకాపు
తమ్మీ, ఖతర్ కార్మిక చట్టం 2004 నాటి 14వ నంబరుది. పనిలో గాయపడితే వైద్యం ఖర్చు యజమానిదే. చికిత్స సాగుతున్నంత కాలం ఆరు నెలల వరకు పూర్తి జీతం, అప్పటికీ నయం కాకపోతే తరువాత సగం జీతం ఇవ్వాలి. శాశ్వత వైకల్యం మిగిలితే దాని పరిహారం వేరు. కానీ భద్రత సూచనలను కార్మికుడే ఉల్లంఘించాడని తేలితే ఆ హక్కు పోతుంది. పైన గురువుగారు అన్న “హుక్కు తగిలించలేదు” అనే మాట కంపెనీ రిపోర్టులో చేరిందా, మీ తమ్ముడి డబ్బుకు గండి పడుతుంది.

షార్జా మేస్త్రీ
అందుకే కంపెనీ రిపోర్టు అరబీలో ఇస్తే, దాన్ని చదివించకుండా సంతకం పెట్టవద్దనండి. అందులో బెల్టు ప్రస్తావన ఉంటే, ఒక తాడుదా రెండు తాళ్లదా, హుక్కు తగిలించే చోటు ఉందా లేదా అన్నది కూడా రాయించమనండి.