మన శాసనసభలో పార్టీల మధ్య దూరాన్ని ఓట్లతో కొలవగలమా?

పీజీ విద్యార్థి, నల్లగొండ:
అమెరికా రాజనీతి శాస్త్రవేత్త కీత్ పూల్ 1980ల తొలినాళ్లలో హోవార్డ్ రోసెంథాల్‌తో కలిసి, అక్కడి కాంగ్రెస్ సభ్యులు ఏ బిల్లుకు ఎటు ఓటేశారో చూసి ఒక్కొక్కరినీ ఉదారవాదం నుంచి సంప్రదాయవాదం దాకా సాగే ఒక గీతపై నిలబెట్టే పద్ధతిని రూపొందించి, దశాబ్దాల పాటు దానిపైనే పనిచేశారు. 1970ల మధ్య నుంచి రెండు పార్టీలూ దూరమవుతూ వచ్చాయనీ, నడుమ నిలిచేవారు కరువయ్యారనీ ఆ లెక్కల్లోనే తేలింది. తెలంగాణ శాసనసభపై ఇదే పద్ధతిలో పరిశోధన చేయవచ్చునా?

రాజనీతి శాస్త్ర అధ్యాపకుడు, మహబూబ్‌నగర్:
చేయలేరు. పూల్ లెక్కకు పేరుపేరునా నమోదైన ఓటు కావాలి. మన సభలో బిల్లులు చాలావరకు మూజువాణి ఓటుతోనే గట్టెక్కుతాయి; ఎవరు ఏమన్నారన్నది కాగితం మీద మిగలదు. డివిజన్ (ఎటు ఎందరో లెక్కించే ఓటింగ్) జరిగినా, 1985 నాటి 52వ రాజ్యాంగ సవరణతో ఫిరాయింపులను అడ్డుకునే పదో షెడ్యూలు వచ్చాక, విప్‌ను, అంటే ఎటు ఓటేయాలో చెప్పే పార్టీ ఆదేశాన్ని, ధిక్కరిస్తే సభ్యత్వమే పోయే ప్రమాదం ఉంది గనుక, 119 మందికి ఆ గీతపై 119 స్థానాలు రావు, పార్టీకొక చుక్క వస్తుంది. విప్ జారీ అయిందని కనుక్కోవడానికి కంప్యూటర్ ఎందుకు, నాయనా?

న్యాయవాది, మునుగోడు:
సార్, ఓట్ల సంగతి ఒప్పుకుంటాను గానీ, సభలో దొరకనిది కండువాల మార్పిడిలో దొరుకుతుంది. 2019 జూన్‌లో కాంగ్రెస్ సభ్యులు 18 మందిలో 12 మంది టీఆర్ఎస్‌లో విలీనమయ్యారు. మా పొరుగున నకిరేకల్ నుంచి గెలిచిన చిరుమర్తి లింగయ్య వారిలో ఒకరు. మా రాజగోపాల్ రెడ్డి 2022లో కాంగ్రెస్‌ను వీడి, బీజేపీ తరఫున ఉప ఎన్నికలో ఓడి, 2023లో మళ్లీ కాంగ్రెస్ నుంచే గెలిచారు. పార్టీల నడుమ నిజంగా అగాధం ఉంటే ఇంత సులువుగా దాటగలరా? పూల్ కూడా తిమోతీ నోకెన్‌తో కలిసి పార్టీ మారిన సభ్యులపై 2004లో వ్యాసం రాశారు. పోలరైజేషన్ (పార్టీల మధ్య దూరం) హెచ్చుగా ఉన్న కాలాల్లోనే వారి ఓటు తీరు బాగా మారిందని అందులో చూపారు.

అధ్యాపకుడు, మహబూబ్‌నగర్:
మేడమ్, అక్కడ మారాక వేసిన ఓటు కూడా కనిపిస్తుంది. ఇక్కడ మారడం ఒక్కటే కనిపిస్తుంది. అది అధికారం లాగే బలాన్ని చూపుతుందే తప్ప సిద్ధాంతాన్ని కాదని నా అభిప్రాయం. దానికన్నా సభా చర్చల ప్రతులు చదవడం మేలు. శ్రీశైలం ఎడమగట్టు సొరంగం మీద, పాలమూరు–రంగారెడ్డి ఎత్తిపోతల మీద ఒకే జిల్లాకు చెందిన వేర్వేరు పార్టీల సభ్యులు ఎంతవరకు ఒకే మాట మాట్లాడారు, ఎక్కడ విడిపోయారు?

న్యాయవాది, మునుగోడు:
మాటలకూ పార్టీ అదుపు ఉంటుంది కదా, సార్. సభలో ఎవరికి మైకు ఇవ్వాలో సూచించేదీ పార్టీయే.