ఎప్‌సెట్‌కు మిగిలిన కొద్ది వారాల్లో ఇంటర్ పిల్లలతో ఏం చేయించాలి?

ప్రశ్న (జూనియర్ లెక్చరర్, దేవరకొండ)

నమస్కారం. నేను ఒక ప్రభుత్వ జూనియర్ కళాశాలలో గణితం బోధిస్తున్నాను. మా ద్వితీయ సంవత్సరం ఎంపీసీ విద్యార్థుల్లో ఎక్కువమంది చుట్టుపక్కల తండాల నుంచి వచ్చేవారే. ఇంజినీరింగ్ ప్రవేశ పరీక్ష అయిన ఎప్‌సెట్ ర్యాంకుకు ఇంటర్ మార్కుల 25 శాతం వెయిటేజీని మన తెలంగాణలో తొలగించినందున, వార్షిక పరీక్షల్లో తొమ్మిది వందలు దాటిన పిల్లలకు కూడా మంచి ర్యాంకు రావడం లేదు. హైదరాబాదుకు కోచింగ్‌కు వెళ్లే స్తోమత లేని వీరితో, మార్చి పరీక్షల తర్వాత మొదట ఏ పని చేయించాలో అనుభవజ్ఞులు చెప్పగలరని కోరుతున్నాను.

జవాబు 1 (విశ్రాంత అధ్యాపకుడు, మహబూబ్‌నగర్)

మేడమ్ గారూ, కొత్త పాఠాలు ఎత్తుకోకండి. సిలబస్ ఇంటర్ రెండేళ్లదే, పిల్లలకు కొరవడేది వేగం. గణితంలో 80, భౌతిక, రసాయన శాస్త్రాల్లో నలభై చొప్పున మొత్తం 160 ప్రశ్నలను మూడు గంటల్లో ముగించాలి. దీర్ఘ సమాధానాలను మెట్టు మెట్టుగా రాసి మార్కులు తెచ్చుకోవడానికి అలవాటుపడిన విద్యార్థి, ఇక్కడ ఒక్క సమాకలనం దగ్గరే పది నిమిషాలు కూర్చుండిపోతాడు. అందువల్ల గడియారం ఎదురుగా పెట్టి పాత ప్రశ్నపత్రాలు చేయించండి. ముందు రసాయనశాస్త్రం ముగించి, మిగిలిన సమయమంతా గణితానికి ఉంచుకోవడం మేలని నా అభిప్రాయం. తప్పు జవాబుకు మార్కు కోత లేదు కనుక ఏ ప్రశ్ననూ ఖాళీగా వదలనివ్వకండి (నీట్ రాసే బైపీసీ పిల్లలకు మాత్రం ఈ మాట చెప్పకండి, అక్కడ ప్రతి తప్పుకూ ఒక మార్కు పోతుంది).

మరొక సంగతి. పరీక్ష కంప్యూటరు మీద జరుగుతుంది. తెర మీది సమీకరణాన్ని చిత్తు కాగితం మీదికి ఎక్కించేటప్పుడు మైనస్ గుర్తు జారిపోతుంది, లెక్కంతా సక్రమంగా చేసినా జవాబు తప్పుతుంది. కాగితం మీద పెట్టే మాక్ టెస్టుల్లో ఈ లోపం బయటపడదు. కళాశాలలో పనిచేసే కంప్యూటరు ఒక్కటే ఉన్నా సరే, వంతులవారీగా కూర్చోబెట్టండి.

జవాబు 2 (ఒక తండ్రి, నల్లగొండ)

సర్టిఫికెట్ల సంగతి కూడా ఇప్పుడే చూడండి. కౌన్సెలింగ్‌లో ఆరో తరగతి నుంచి ఇంటర్ వరకు స్టడీ సర్టిఫికెట్లు, వాటితోపాటు కుల, ఆదాయ ధ్రువపత్రాలు అడుగుతారు. తల్లిదండ్రులు పనుల కోసం వలస వెళ్లడంతో రెండు మూడు బడులు మారిన పిల్లలు మన వైపు చాలామంది ఉంటారు, వేసవి సెలవులిస్తే ఆ బడుల్లో సంతకం పెట్టేవారు దొరకరు. ఆదాయ ధ్రువపత్రం ఆ ఏడాది జనవరి 1 తర్వాత తీసుకున్నదై ఉండాలి.

జవాబు 3 (డిగ్రీ విద్యార్థిని, మహబూబ్‌నగర్)

గణితంలో గట్టివారైతే గణితంతోనే మొదలుపెట్టనివ్వండి, ఆ విషయంలో మాత్రం సార్‌తో ఏకీభవించలేను. ఇంజినీరింగ్ మీద మనసు లేనివారిని కూడా మరచిపోకండి. నల్లగొండ మహాత్మాగాంధీ, పాలమూరు విశ్వవిద్యాలయాల పరిధిలోని డిగ్రీ కళాశాలల్లో దోస్త్ (డిగ్రీ సీట్లకు ఆన్‌లైన్ ప్రవేశ విధానం) ద్వారా సీట్లు ఇంటర్ మార్కులతోనే వస్తాయి. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో ఐదేళ్ల ఇంటిగ్రేటెడ్ కోర్సుల్లో చేరాలంటే సీయూఈటీ (కేంద్రీయ విశ్వవిద్యాలయాల ఉమ్మడి ప్రవేశ పరీక్ష) రాయాలి. ప్రశ్నపత్రం తెలుగులోనూ ఎంచుకోవచ్చు. అయితే ఆ దరఖాస్తు గడువు ఇంటర్ పరీక్షల హడావిడి తీరకముందే ముగిసిపోవచ్చు కనుక, ప్రకటన వెలువడగానే నోటీసు బోర్డులో పెట్టించండి.