బ్యాంకు తప్పు ఖరీదు ఏ లెక్కన కట్టాలి? కట్టిన జరిమానా చూసా, రైతుకు పోయింది చూసా? కలంపేర్లతో నలుగురు చేసిన వాదన ఇది.

డెల్టా లెక్క:
లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో రోజర్ మెక్‌కార్మిక్ నడిపిన కాండక్ట్ కాస్ట్స్ ప్రాజెక్టు, పెద్ద బ్యాంకుల తప్పుడు నడతకు ఒక కొలబద్ద పెట్టింది. కట్టిన జరిమానాలు, ఖాతాదారులకు తిరిగిచ్చిన సొమ్ము, వాటి కోసం ముందుగా పక్కన పెట్టిన కేటాయింపులు అన్నీ కూడి ఒక అంకె తేల్చడం. నైతికత మీద ఉపన్యాసాల కంటే అది మేలే. ఏ బ్యాంకు ఎంతో పక్కపక్కన పెట్టి చూడొచ్చు. మన డెల్టాకి ఆ కొలబద్ద సరిపోతుందా అన్నదే ప్రశ్నండి. సరిపోదని నా వాదన. అది బ్యాంకు జేబులోంచి పోయింది మాత్రమే కొలుస్తుంది.

ఉదాహరణకి ఐదెకరాలు కౌలుకి చేసే రైతుకి సార్వాకి (ఖరీఫ్‌కి) 1,50,000 పంట రుణం అనుకోండి. సంతకాలు పెట్టించిన కాగితాల్లో ఒక బీమా ఫారం కూడా ఉంది, మంజూరైన రోజునే 20,000 ప్రీమియం కింద పోయింది. ఆ మేరకు ఎరువుల కొట్లో అరువు, నూటికి నెలకు 2 రూపాయల వడ్డీ. ఆరు నెలలకు 2,400. అదే 20,000 మీద బ్యాంకుకీ 7 శాతం వడ్డీ నడుస్తుంది, అది 700. పెద్ద దెబ్బ కోతల తర్వాత. అరువిచ్చిన చోటికే ధాన్యం తోలాలి. 75 కిలోల బస్తాకి 100 రూపాయలు తగ్గించి కట్టినా, ఎకరానికి 30 బస్తాల చొప్పున ఐదెకరాలకి 15,000. రెండో ఏడు ప్రీమియం కట్టలేక పాలసీ ఆగిందంటే మొదటి 20,000లోనూ చేతికొచ్చేది అంతంతమాత్రం. ఇందులో ఒక్క రూపాయి కూడా లండన్ లెక్కలో పడదు.

ఆడిట్ కాగితం:
ఆ 15,000 దగ్గర నాకు అభ్యంతరం ఉందండి. తప్పు జరగకపోయుంటే ఏమయ్యేదో అడగకుండా నష్టం కట్టకూడదు. ఐదెకరాల కౌలు సాగు, మక్తాతో (యజమానికి కట్టే కౌలుతో) కలిపి, 1,50,000తో గట్టెక్కదు. 20,000 కోత పడకపోయినా ఆ రైతు అదే కొట్టుకి వెళ్ళేవాడే. పైగా ధర తగ్గడానికి వేరే కారణాలుంటాయి. తేమ 17 శాతం దాటడం, సంచులు అందకపోవడం, వాన ముంచుకొస్తుంటే కళ్ళంలోనే అమ్ముకోవడం. అవన్నీ బ్యాంకు మీద రాస్తే, రేపు ఏ విచారణలోనైనా మొదట కొట్టేసేది ఆ వరసే, దాంతో నిజమైన 23,100 కూడా అనుమానంలో పడుతుంది. రుజువు చూపగలిగిందే రాయండి.

కౌలు పక్షం:
మీరిద్దరూ రుణం దొరికిన వాళ్ళ దగ్గర మొదలెట్టారు. డెల్టాలో పొలం చేసేవాళ్ళలో కౌలుదారులే ఎక్కువున్న ఊళ్ళు బోలెడు. ఆంధ్రప్రదేశ్ 2019 పంట సాగుదారుల హక్కుల చట్టం కింద సాగుదారు కార్డు రావాలంటే భూయజమాని సంతకం కావాలి, దాని గడువు 11 నెలలు. సంతకం దొరికి కార్డు వచ్చినా, ఆ సర్వే నంబరు మీద యజమాని అప్పటికే పంట రుణం తీసుకుని ఉంటాడు. కౌంటర్ దగ్గర నోటిమాటగా 'కుదరదు' అంటారు. కిసాన్ క్రెడిట్ కార్డు పథకంలో అర్హుల జాబితా తీసి చూడండి: కౌలుదారులు, నోటిమాట కౌలుదారులు, పంటలో వాటాకి సాగు చేసేవాళ్ళు, అందరూ ఉన్నారు. తిరస్కరణ కాగితం మీద లేదు కాబట్టి ఫిర్యాదు లేదు, ఫిర్యాదు లేదు కాబట్టి జరిమానా లేదు. లండన్ కొలబద్దలో ఈ గడి సున్నా చూపిస్తుంది. నాకు కోపం తెప్పించేది ఆ సున్నానే.

లాకుల దగ్గర:
కౌలు పక్షం గారూ, కోపం న్యాయమే గాని గురి కొంచెం పక్కకి వెళ్ళింది. ఒకే పంటకాలంలో ఒకే సర్వే నంబరు మీద రెండు పంట రుణాలిస్తే అది రెండింతల రుణం, తనిఖీలో దొరికితే మేనేజర్ సొంతంగా సంజాయిషీ చెప్పుకోవాలి. పొలం తాను చెయ్యకుండా పంట రుణం తీసుకున్న యజమానిని వదిలేసి శాఖను పట్టుకుంటే ఏం లాభం? అది పథకం అల్లికలో ఉన్న లోపం. బీమా అంటగట్టడం మాత్రం కచ్చితంగా తప్పుడు నడతే. ఆ టార్గెట్లు కౌంటర్ దగ్గర పుట్టవు, పై ఆఫీసు నుంచి దిగుతాయి. అమెరికాలో వెల్స్ ఫార్గో బ్యాంకు 2016లో, టార్గెట్ల కోసం తెరిచిన దొంగ ఖాతాల విషయంలో 18.5 కోట్ల డాలర్లు కట్టింది. అప్పటికే ఉద్యోగాలు పోయినవాళ్ళు దాదాపు 5,300 మంది, ఎక్కువమంది కింది మెట్ల వాళ్ళు. జరిమానా అంకె ఒక్కటే చూస్తే తప్పు ఏ అంతస్తులో మొదలైందో కనపడదు.

ఆడిట్ కాగితం:
బంగారం రుణాలు మర్చిపోతున్నారు. 2024 సెప్టెంబర్ 30న రిజర్వు బ్యాంకు ఇచ్చిన సర్క్యులర్‌లో లోపాలు వరసగా రాసింది: ఖాతాదారు ఎదుట లేకుండా విలువ కట్టడం, వేలంలో పారదర్శకత లేకపోవడం వగైరా. రుణం తిరగరాతకి (రెన్యువల్‌కి) అయ్యే ఖర్చు ఇంకొకటి. గడువు రోజున అసలు, వడ్డీ కట్టి మళ్ళీ తియ్యాలంటే, బయట ఒక్కరోజు అప్పు తేవాలి. నూటికి అర్ధరూపాయి అనుకున్నా 2 లక్షలకు 1,000. బ్యాంకు పుస్తకంలో మాత్రం బాకీ సకాలంలో తీరినట్టు ఉంటుంది. ఇది ఏ వరసలో రాస్తారు?

డెల్టా లెక్క:
అది రైతు వరసలోనేనండి. మీ అభ్యంతరంలో సగం ఒప్పుకుంటున్నాను. 15,000ని వేరే వరసలో, 'కొంతవరకు' అని రాద్దాం. కానీ 23,100తో ఆగిపోమంటే ఒప్పుకోను. బ్రిటన్‌లో రుణాలకు అంటగట్టిన పీపీఐ బీమా (వాయిదాలు కట్టలేని పరిస్థితి వస్తే ఆదుకుంటుందని అమ్మినది) సంగతి చూడండి. ఫిర్యాదుకి ఆఖరి గడువు 2019 ఆగస్టు 29, మొత్తం చెల్లింపులు 3,800 కోట్ల పౌండ్లు దాటాయి. పాలసీ అమ్మకపోయుంటే ఖాతాదారు ఏ స్థితిలో ఉండేవాడో ఆ స్థితికి తేవడం అక్కడి సూత్రం, అందుకే మామూలుగా ప్రీమియంతో పాటు ఏడాదికి 8 శాతం బారువడ్డీ కలిపి ఇచ్చారు. మన దగ్గర రిజర్వు బ్యాంకు జరిమానా ప్రకటన చివర్లో ఒక వాక్యం తప్పకుండా ఉంటుంది: బ్యాంకు ఖాతాదారులతో చేసుకున్న లావాదేవీల చెల్లుబాటు మీద ఇది తీర్పు కాదని. జరిమానా పడింది, రైతు ఖాతాలో మార్పు లేదు. ప్రభుత్వ బ్యాంకయితే ఆ జరిమానా భారం చివరికి జనం సొమ్ము మీదే పడుతుంది.

లాకుల దగ్గర:
ఖాతాలో మార్పు రావాలంటే దారి వేరే ఉంది. పాలసీ కాగితం చేతికందిన 30 రోజుల్లో వద్దని రాసిస్తే, స్టాంపు, వైద్యపరీక్ష, ఆ కొద్దిరోజుల రక్షణ ఖర్చు పోను మిగతాది వెనక్కి వస్తుంది. సాధారణంగా అవకాశం చేజారేది ఇక్కడే. పాలసీ పాత చిరునామాకి పోతుంది, లేదా మెయిల్‌లో వచ్చి ఎవరూ చూడరు. గడువు దాటితే ముందు శాఖకి రాతపూర్వకంగా ఫిర్యాదు, 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ (బ్యాంకుల మీద ఫిర్యాదులు విచారించే అధికారి). మోసపోయాం అని రాస్తే నిలవదు. రుణం జమైన తేదీ, ప్రీమియం కోత తేదీ, రెండూ ఉన్న స్టేట్‌మెంట్ జతచెయ్యాలి. రెండు తేదీలూ ఒకటైతే అదే సగం వాదన. సొసైటీలో తీసుకున్న రుణానికి ఈ దారి లేదు, అక్కడ సహకార శాఖకే రాయాలి.

ఆడిట్ కాగితం:
డెల్టా లెక్క గారి రెండు వరసలు నాకు సమ్మతమే. కౌలు పక్షం గారి గడి మాత్రం సున్నా కాదు, ఖాళీ. కాగితం లేనిదే అందులో అంకె రాయలేం.

కౌలు పక్షం:
అయితే కాగితం పుట్టిద్దాం. దాళ్వా (రబీ) రుణం దరఖాస్తు రెండు ప్రతులు తీసుకెళ్ళాలి, ఒకదాని మీద శాఖ ముద్ర, తేదీ వేయించుకోవాలి. సర్వే నంబరు, విస్తీర్ణం, సాగుదారు కార్డు నంబరు మొదటి పేరాలోనే ఉండాలి. ముద్ర వెయ్యడానికి ఒప్పుకోకపోతే అదే దరఖాస్తు స్పీడ్ పోస్టులో పంపి రసీదు జతచేసుకోవాలి. నిరాకరిస్తే కారణం రాసివ్వమని ఆ దరఖాస్తులోనే అడగాలి. కార్డు గడువు 11 నెలలే కాబట్టి ఇదంతా నారుమడి పోసేలోపే జరగాలి, ఊడ్పులయ్యాక వచ్చిన రుణం ఎరువుల కొట్టు బాకీకే పోతుంది.