ఆక్స్‌ఫర్డ్‌లో విడిగా గదుల్లో ఉన్న కుర్రాళ్లు నిజంగా దొంగలేనా?

పాతకాగితం:
మొన్న ఇంకో చర్చలో ఒకాయన, మధ్యయుగాల ఆక్స్‌ఫర్డ్‌లో విద్యార్థులందర్నీ హాల్స్‌లోనే ఉండాలని కట్టడి చేయడం న్యాయమే, లేకపోతే ఊరు తగలబడేది అన్నారు. నాకు మాత్రం ఆ మాట మింగుడుపడలేదు, అందుకే ఇక్కడ విడిగా రాస్తున్నా.

అసలు హాల్ ఎలా మొదలైందో చూడండి. నలుగురు కుర్రాళ్లు కలిసి ఊళ్లో ఒక ఇల్లు అద్దెకు తీసుకుంటారు, అద్దెకి ప్రతి ఏడాది ఛాన్సలర్ (యూనివర్సిటీ పెద్ద) ముందు పూచీ పడినవాడే ప్రిన్సిపాల్. ఇంటి ఓనర్లు ఇష్టం వచ్చినట్టు పెంచకుండా అద్దె ఎంతో మాస్టర్లు, అంటే యూనివర్సిటీలో పాఠాలు చెప్పేవాళ్లు, ఊరివాళ్లు కలిసి తేల్చేవారు. 1209లో ఊరివాళ్లు విద్యార్థుల్ని ఉరి తీశాక చదువు ఆగిపోయి కొందరు కేంబ్రిడ్జి వెళ్లిపోయారు కదా, మళ్లీ రాజీ కుదిరిన 1214 ఒప్పందంలో కూడా పదేళ్లపాటు సగం అద్దెకే ఇవ్వాలన్నది ఒక ముఖ్యమైన షరతు. అంటే హాల్ అనేది విద్యార్థికి గొడుగు. 1410 ప్రాంతం నుంచి, ఆ తర్వాత 1420లో రాజాజ్ఞతో, అదే గొడుగు కంచె అయిపోయింది, ప్రిన్సిపాల్ కింద హాల్లో ఉంటావా ఊరొదిలి పోతావా అన్నారు. విడిగా గదుల్లో ఉండేవాళ్లని చాంబర్‌డీకన్లు అనేవారు. వీళ్లు పగలంతా పడుకుని రాత్రిళ్లు కల్లు దుకాణాలూ వేశ్యల ఇళ్లూ పట్టుకు తిరుగుతారు, దోపిడీలు, హత్యలు చేస్తారు అని యూనివర్సిటీ రాసిపెట్టింది. అది ఫిర్యాదు చేసినవాడు రాసుకున్న మాట, అవతలివాళ్ల మాట ఏదీ?

గోదారిగట్టు:
అన్నా, మీరు 1355 ఫిబ్రవరి 10 మర్చిపోయారా? స్విండిల్‌స్టాక్ టావర్న్‌లో వైన్ బాలేదన్న చిన్న గొడవతో మొదలై 63 మంది విద్యార్థులు, ఓ 30 మంది ఊరివాళ్లు పోయారని చెప్తారు. దానికి మేయరు ఏటేటా చేయాల్సిన ప్రాయశ్చిత్తం 1825 దాకా నడిచింది. పద్నాలుగు పదిహేనేళ్ల పిల్లల్ని, అడిగేవాడు లేకుండా అలాంటి ఊళ్లో వదిలేస్తారా ఎవరైనా? కత్తులు పట్టుకు తిరిగేవాళ్లని రూల్స్ లేకుండా ఎలా ఆపుతారు చెప్పండి.

పాతకాగితం:
మర్చిపోలేదు తమ్ముడూ, పైగా అది నా వాదనకే పనికొస్తుంది. ఆ రోజుల్లో ఊరివాళ్లు తలుపులు బద్దలుకొట్టి చొరబడింది హాల్స్‌లోకే, చచ్చినవాళ్లలో హాల్ కుర్రాళ్లూ ఉన్నారు. ఎక్కడ పడుకుంటున్నారన్న దానికీ ఆ గొడవకీ ఏం సంబంధం? ఇక కొట్లాటలు ఆపడానికి 1432లో యూనివర్సిటీ జరిమానా రేట్లు పెట్టింది: బెదిరిస్తే 12 పెన్సులు, అంటే ఒక షిల్లింగు, ఆయుధం పట్టుకు తిరిగితే 2 షిల్లింగులు, భుజంతో తోసినా పిడికిలితో కొట్టినా 4 షిల్లింగులు, రాయితోనో కర్రతోనో కొడితే 6 షిల్లింగుల 8 పెన్సులు, కత్తితో అయితే 10 షిల్లింగులు. న్యూ కాలేజీలో మామూలు రోజుల్లో ఒక స్కాలర్‌కి వారం భోజనం ఖర్చు 12 పెన్సులు. అంటే ఒక్క తోపుకి నాలుగు వారాల తిండి! డబ్బున్నోడి కొడుకు కట్టేసి నవ్వుకుంటూ పోతాడు, పేదోడు ఏం చేస్తాడు?

వేపచెట్టు:
మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. రూల్స్ అన్నీ ఒకే గాటన కట్టొద్దు. హాల్లో ఇంగ్లీషు మాట్లాడితే పావు పెన్నీ జరిమానా, ఇప్పుడు వింటే కోపమొస్తుంది గానీ పాఠాలూ వాదాలూ పరీక్షలూ అన్నీ లాటిన్‌లోనే కదా, నాలుక తిరగనివాడు తరగతిలో మూగవాడే. లాటిన్ రానివ్వకుండా వదిలేయడమే ఆ పిల్లాడికి అన్యాయం అంటాను నేను.

పాతకాగితం:
లాటిన్ సంగతి ఒప్పుకుంటా అమ్మా, అది పిల్లాడి మేలు కోరే రూలే, నేను దాన్నీ కలిపి తిట్టి ఉంటే తప్పు నాదే. నా గొడవ బలవంతంగా హాల్లో ఉంచడం మీదే, ఎందుకంటే అది తగిలింది ఎవరికో చూడండి. 1413లో పార్లమెంటు చట్టం చేసి ఐరిష్ వాళ్లని దేశం వదిలి పొమ్మంది, గ్రాడ్యుయేట్లకీ వర్తకులకీ మినహాయింపు ఇచ్చి, చాంబర్‌డీకన్లని మాత్రం 'బిచ్చమెత్తే క్లర్కులు' (అప్పట్లో క్లర్కు అంటే గుమాస్తా కాదు, చదువుకునేవాడు) అని పేరు పెట్టి మరీ తరిమింది.

గోదారిగట్టు:
బిచ్చమెత్తేవాళ్లని తరమడం ఆ కాలంలో మామూలే కదన్నా, విద్యార్థులనే ఏముంది.

పాతకాగితం:
ఇక్కడే నాకు కడుపు మండేది. పేద విద్యార్థి అడుక్కోవడం అప్పట్లో నేరం కాదు! 1388 చట్టం ప్రకారం ఛాన్సలర్ ఇచ్చిన ఉత్తరం చేతిలో ఉంటే చాలు, అడుక్కోవచ్చు. 1461లో అరిస్టాటిల్ హాల్లో ఉండే పేద విద్యార్థులకి అలాంటి అనుమతి ఇచ్చినట్టు ఛాన్సలర్ రిజిస్టర్‌లోనే ఉంది. హాల్ లోపలివాడూ అడుక్కుంటున్నాడు, బయట గదిలో ఉన్నవాడూ అడుక్కుంటున్నాడు, ఒకడి చేతిలో కాయితం ఉంది కాబట్టి వాడు పేద విద్యార్థి, రెండోవాడి పేరు పూచీ పడిన ఏ ప్రిన్సిపాల్ లెక్కలోనూ లేదు కాబట్టి వాడు దొంగ. వాళ్లలో కొందరు నిజంగానే దోచుకుని ఉండొచ్చు, కాదనను, కానీ అందర్నీ కలిపి ఊరొదలమన్న ఆ ఆజ్ఞని న్యాయం అని నేనైతే అనలేను.